కరణపు పద్దు నుండి కంప్యూటరు గడి వఱకు

అడంగలు, చిట్టా, జమాబందీ అను మాటలు గ్రామములలోని పెద్దలకు క్రొత్తవి కావు. శిస్తు కట్టినవారును, పొలము కొలత కొఱకు గొలుసు వెంట నడచినవారును, దాయాదులతో గట్టు తగవు పడినవారును వీనిని విననివా రుండరు. అయినను అడంగలు పుస్తకములోని నిలువుగీత లెట్లు పుట్టినవి, ఒక గీత ఉండవలసినచోట లేకుండుటవలన రైతునకు వాటిల్లు నష్టమేమి అని విచారించినవారు తక్కువ. నేడా పుస్తకములు కంప్యూటరులోనికి ఎక్కినవి. వానిని స్ప్రెడ్‌షీటు అను గళ్ళ పట్టీగా దించుకొని చూచువారు మన పిల్లలలోనే పెక్కుమంది గలరు. కాగితముపై గీచిన నమూనా సరిగా నున్నచో పట్టీ శుభ్రముగా దిగును. లేనిచో పేర్లు చెదరును, అంకెలు మాఱును, ఒక్కొక్కప్పుడు మనుష్యుడే కనబడకుండ బోవును. మా అనకాపల్లి ప్రాంతమును ముందుంచుకొని ఈ గీతల చరిత్రను మనవి చేసెదను.

పూర్వము మన కరణములు లెక్కలను తాటాకులపై గంటముతో వ్రాయుచుండిరి. ఆ యాకుల కట్టకు కవిలె యని పేరు. తాటాకునకు పొడవేగాని వెడల్పు లేదు. అంత యిఱుకులో నిలువు వరుసలు నిలుపుట కష్టము గనుక లెక్క యంతయు వచనమువలె ఒకే పరుగున సాగెడిది. ఫలాని చెఱువు క్రింద ఫలానివాని నేల ఇన్ని కుంచముల విత్తనములు చల్లదగినది, దానికి తూర్పున ఫలానివాని గట్టు, ఇట్లు పోవును. చదువువానికిది కథవలె హాయిగా నుండును. మొత్తము కట్టువానికి మాత్రము ఆకు తరువాత ఆకు వెదకుకొనవలసినదే. కల్నల్ కాలిన్ మెకంజీ దొర మన దేశచరిత్రను కూర్చునపుడు ఏలూరివారైన కావలి సోదరులు ఆయనకు కుడిభుజమై నిలిచి, గ్రామ గ్రామమున కరణముల కవిలెల నుండియే కైఫీయతులను వ్రాయించి తెచ్చిరి. చరిత్రకారునకు ఆ వచనము బంగారము. శిస్తు లెక్కకు మాత్ర మది యొదుగలేదు.

రాయలసీమలోను కన్నడ దేశములోను కడితము అను మఱియొక సాధన ముండెడిది. గుడ్డకు బొగ్గుపొడిని చింతగింజల జిగురుతో కలిపి పట్టించి, ఆఱబెట్టి, మడతలుగా మడచి, దానిపై బలపముతో వ్రాసెడివారు. తప్పు వచ్చినచో తుడిచి మఱల వ్రాయవచ్చును, విప్పినచో బారెడు పొడవు సాగును. ఇంగ్లీషులో స్ప్రెడ్‌షీటు అను మాటకు మొదటి యర్థము గూడ ఇట్టిదే. పద్దుల పుస్తకములో ఎదురెదురు పుటలు రెండింటిమీదను పఱచుకొని గీతలు గీచిన పెద్ద కాగితమునకు ఆ పేరు చెల్లెను. కడితమును కన్నులార చూచినవారికి ఈ పేరు వింతగా దోపదు.

పండితుల యిండ్లలో పట్టీ లేదని యనుకొనరాదు. శబ్దమంజరిని చేతబట్టిన బాలునకు మొదట కనబడునది పట్టీయే. ఎనిమిది విభక్తులు అడ్డముగా, మూడు వచనములు నిలువుగా, ఇరువదినాలుగు గళ్ళు. ఒక్కొక్క గడిలో ఒక్కటే రూప ముండును. పంచాంగ మింతకంటెను చక్కని నిదర్శనము. అందు ఒక్కొక్క దినమునకు ఒక్కొక్క పద్దు. పద్దు తిథికి గాక దినమున కెందుకు కట్టిరో యోచించినారా? తిథి రెండు సూర్యోదయములకు వ్యాపించి వృద్ధి పొందవచ్చును, ఏ సూర్యోదయమునకును తగులక క్షయమును పొందవచ్చును. దినము మాత్రము తెగదు, పెరుగదు. తెగని వస్తువును పద్దుగా నేర్పఱచుకొని, తెగునట్టివానిని దాని ప్రక్క గళ్ళలో వ్రాసిరి. ఏ ఫారమును గీయువాడైనను మొట్టమొదట తేల్చుకొనవలసిన దిదే: పద్దు దేనికి కట్టవలెను?

భూమి లెక్కలలో ఈ ప్రశ్నకు ఉత్తరము ఎవరు శిస్తు కట్టుదురో దానినిబట్టి వచ్చినది. 1802వ సంవత్సరపు 25వ రెగ్యులేషను ప్రకారము కంపెనీవారు ఉత్తర సర్కారులలో శాశ్వత పరిష్కారము చేసిరి. జమీందారు ఏటేట ఇంత పేష్కషు చెల్లించిన చాలును. సర్కారు పుస్తకములో ఆ జమీందారీకి ఒక్కటే పద్దు. ఆ జమీందారీలో రైతెవ్వడు, వాని మడి యెంత అను విషయము సర్కారువారి గీతలలోనికి రానేరాదు. అదే సంవత్సరపు 29వ రెగ్యులేషను కరణము గ్రామ లెక్కలను వ్రాసి తీరవలెనని శాసించినది. కాని ఆ లెక్క వాడుకలో జమీందారు కచేరీకే యుపయోగపడుచుండెను. ఎచ్చటి నమూనా అచ్చటిదే.

సీడెడు జిల్లాలలో 1800 మొదలు 1807 వఱకు తామసు మన్రో దొర వేఱు దారిని త్రొక్కెను. ప్రతి పొలమును కొలిపించి, ప్రతి రైతుతోను సర్కారు నేరుగా లెక్క పెట్టుకొనవలెనన్నాడు. ఇదియే రైతువారీ. రైతువారీ యందు పద్దు జమీందారునకు గాదు, గ్రామమునకును గాదు, పొలమునకు. ఒక్క జమీందారునకు ఒక్క గీత చాలినచోట గ్రామమునకు వందలకొలది గీతలు కావలసివచ్చెను. అచ్చుకొట్టిన నమూనాల యక్కఱ అచ్చటనే పుట్టినది. వందలకొలది కరణములు ఒక్కతీరుగా వ్రాయనిచో తాలూకా కచేరీలో మొత్తము కట్టుట యెవరి తరము?

మా ప్రాంతమున ఈ రెండు పద్ధతులును ప్రక్కప్రక్కనే యుండెడివి. అనకాపల్లి జమీందారీ నేల. దానికి ప్రక్కనే యలమంచిలి ముఖ్యస్థానముగా గల సర్వసిద్ధి తాలూకా సర్కారు తాలూకా, రైతువారీ. నర్సీపట్నము వైపున గొలుగొండయు నట్టిదే. కావున గట్టు దాటిన మాత్రమున రైతు పేరు వ్రాయు తీరు మాఱెడిది. ఒకే వంశమువారికి రెండువైపుల భూములున్నచో ఒకవైపున వారు సర్కారు లెక్కలో పేరుగల పట్టాదారులు, రెండవవైపున జమీందారు దస్తరములో మాత్రమే యుండువారు. 1908వ సంవత్సరపు ఎస్టేటు లాండు చట్టము వచ్చి జమీందారీ రైతునకు భోగహక్కును పట్టాను స్థిరపఱచినదాక ఈ భేదము మిక్కిలి బాధించినది. 1948వ సంవత్సరపు 26వ చట్టముచే ఎస్టేటులు రద్దు చేయబడి రైతువారీలోనికి మార్చబడిన తరువాతనే రెండువైపులవారికిని ఒకే నమూనా యేర్పడెను. 2022 ఏప్రిలు 4వ తేదీన ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో నేడు ఈ రెండు తెగల గ్రామములును కలిసియున్నవి. పాత దస్తరములు చూచువారు ఈ సంగతిని మఱవరాదు.

రైతువారీ లెక్కలలో రెండింటిని గూర్చి విశేషముగా చెప్పవలెను. మద్రాసు గ్రామ లెక్కలలో అడంగలు రెండవ నంబరుది, చిట్టా పదవ నంబరుది. అడంగలు పొలము ననుసరించి పోవును. సర్వే నంబరు ఒకటి, రెండు, మూడు అని వరుసగా వ్రాసి, విస్తీర్ణ మెంత, మెట్టయా పల్లమా, నీటి ఆధార మేది, శిస్తెంత, పట్టాదారెవరు, అనుభవదారెవరు, ఈ ఫసలీలో పైరేమి అని అడ్డముగా నింపుచు పోవుదురు. చిట్టా మనుష్యు ననుసరించును. ఒక పట్టాదారునకు ఊరిలో ఏయే నంబరులలో ఎంతెంత గలదో యంతయు ఒక్కచోట చూపును. రెండింటిలోను ఉన్న సంగతు లొక్కటే, వరుస మాత్రము వేఱు. ఒకదాని నుండి రెండవదానిని చేతితో ఎత్తి వ్రాయుటయే కరణమునకు పెద్ద శ్రమ. అడంగలు మొత్తమునకు చిట్టా మొత్తము సరిపడినదా లేదా యని జమాబందీలో పరీక్షించుచుండిరి. సరిపడనిచో ఎచ్చటనో ఒక పద్దు జాఱినదన్నమాట. ఇది చాల గట్టి పరీక్ష యని నా యభిప్రాయము. నేటి యంత్రపు పట్టీలనుగూడ ఇట్లే రెండు దారులను కూడి చూచువారు తక్కువ.

విస్తీర్ణపు గడినిగూర్చి ఒక మాట. 1620లో ఎడ్మండు గంటరు అను ఇంగ్లీషు గణితజ్ఞుడు 66 అడుగుల గొలుసును 100 లింకులుగా విభజించెను. పది చదరపు గొలుసులు ఒక ఎకరము. దానిని నూఱు భాగములు చేసిన ఒక సెంటు, అనగా 48.4 చదరపు గజములు. నూటికి నూఱు గనుక ఎకరములకు ప్రక్కన చుక్క పెట్టి సెంట్లు వ్రాసి దశాంశమువలె కూడవచ్చును. 1858లో మద్రాసు రాజధానిలో రెవెన్యూ సర్వే శాఖ యేర్పడిన తరువాత మన సర్కారు జిల్లాలలో ఈ ఎకరము సెంట్ల లెక్క నాటుకొనెను. తెలంగాణములో అట్లు గాదు. అచ్చట ఎకరమునకు 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజములు. అచ్చటి పట్టీలో 1.20 అని యున్నచో అది ఎకరమున్నర. 1.30 గల మడికి 1.20 గల మడిని కలిపినచో రైతునకు 3 ఎకరముల 10 గుంటలు రావలెను. స్ప్రెడ్‌షీటు 2.50 అని చెప్పును. దానిని రెండెకరముల యేబది గుంట లనుకొని సవరించువా డున్నను మంచిదే, రెండున్నర ఎకరము లనుకొన్నచో ముప్పాతిక ఎకరము నేల గడిలోనే మునిగిపోయినది. యంత్రముది దోషము గాదు. ఎకరమునకు ఒక నిలువు వరుసయు, గుంటకు వేఱొక నిలువు వరుసయు గీయనివాని దోషము.

రూపాయి లెక్కలలో మన పెద్దలు ఈ పొరపాటు చేయలేదు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. 1957 ఏప్రిలు 1వ తేదీన దశాంశ నాణెములు వచ్చువఱకు అనకాపల్లి బెల్లపు వర్తకుని చిట్టా మొదలు కలెక్టరు కచేరీ ఖర్దా వఱకు రొక్కమునకు మూడు సన్నని నిలువు వరుసలు గీచెడివారు. అయిదు రూపాయల ఎనిమిదణాల నాలుగు పైలను ఒకే గడిలో అడ్డగీతలతో 5-8-4 అని వ్రాసి నేటి యంత్రమున కిచ్చినచో అది దానిని 2004వ సంవత్సరపు తేదీగా గ్రహించును! మన పూర్వపు భిన్న చిహ్నములు, అనగా పాతిక, పరక, వీసము మున్నగువానిని నాలుగింటి లెక్కను వ్రాయు గుఱుతులు, చిరకాలము మఱుగుపడియుండి 2008లో యూనికోడు అక్షరమాలలో చోటు సంపాదించుకొన్నవి. కవిలెలను అచ్చువేయదలచు పరిశోధకునకు ఇది యుపకారము. కూడుటకు మాత్ర మవి పనికిరావు.

కాగితముపై నింపినదానిని పట్టీలోనికి ఎక్కించు శాస్త్రము మన దేశములో జనగణన మూలముగా చాల ముందునకు సాగినది. దేశమంతటను ఒకేసారి జనమును లెక్కించుట 1881లో జరిగెను. అప్పుడును 1891లోను లెక్కింపు కాగితములను ముందుంచుకొని, గళ్ళుగల పెద్ద తావులపై ఒక్కొక్క మనుష్యునకు ఒక్కొక్క గీత గీయుచు పోయెడివారు. గుమాస్తా కన్ను ఒక్క గడి తప్పినచో ఆ తప్పును పట్టుటకు ఉపాయము లేదు. 1901లో బవేరియా దేశపు పద్ధతి ననుసరించి చీటీల విధానమును తెచ్చిరి. ఒక్కొక్క మనుష్యునకు ఒక్కొక్క చిన్న చీటీ. మతమును చీటీ రంగే తెలుపును. గుమాస్తాలు చీటీలను అఱలలోనికి పంచి, లెక్కపెట్టి, మఱల కలిపి వేఱొక విధముగా పంచుదురు. వయస్సుచొప్పున కావలెనన్న వయస్సుచొప్పున, వృత్తిచొప్పున కావలెనన్న వృత్తిచొప్పున. సందేహము కలిగినచో ఆ అఱలోని చీటీలనే తిరుగ లెక్కింపవచ్చును. అమెరికాలో హాలరితు 1890లో రంధ్రముల చీటీలతోను యంత్రముతోను చేసినదానిని మనవారు చేతులతోను చెక్క అఱలతోను సాధించిరి. స్ప్రెడ్‌షీటులో అడ్డవరుసలను క్రమపఱచుట యనునది ఈ చీటీలను పంచుటయే. 2001లో చేతివ్రాతను యంత్రమే చదువునట్లు ఫారములను ముద్రించి, పెక్కు ప్రశ్నలకు మాటలకు మాఱుగా అంకెలనే గళ్ళలో వ్రాయించిరి. 2027 మార్చి 1వ తేదీని నిర్ణయ దినముగా బెట్టుకొన్న జనగణనకు 2025లో ప్రకటన వెలువడినది. దానికి చేతిలోని ఫోనే ఫారమగునట్లు ఏర్పాటు చేసిరి.

ఇక యంత్రపు పట్టీ పుట్టుక. 1970లో కాడు అను పండితుడు ఐబీఎం కంపెనీలో పనిచేయుచు, కంప్యూటరులో దాచు సమాచారమంతయు పట్టీలుగా నుండవలెననియు, ఒక్కొక్క గడిలో ఒక్కటే విషయ ముండవలెననియు ప్రతిపాదించెను. శబ్దమంజరి చదివినవారికి ఇందులో క్రొత్త యేమున్నదని తోచవచ్చును. కాని దానిని గణితముగా నిరూపించుట ఆయన ఘనత. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను ఇరువురు విసికాల్కు అను పేర మొదటి ప్రసిద్ధ స్ప్రెడ్‌షీటును వెలువరించిరి. బ్రిక్లిన్ హార్వర్డులో విద్యార్థిగా నుండగా ఉపాధ్యాయుడు నల్లబల్లపై పట్టీ వేయుచు ఒక అంకె మాఱినచో దాని వెంట నన్ని అంకెలను చెఱిపి తిరుగ వ్రాయవలసివచ్చుట చూచి ఈ యూహ తెచ్చుకొన్నాడట. ఎక్సెలు 1985లో వచ్చినది.

మన గ్రామములలో 1984లో వంశపారంపర్యపు కరణీకములు రద్దయ్యెను. ఆ వ్యవస్థలోని మంచిచెడ్డలను విచారించుట కిది తావు గాదు. కాని లెక్కల దృష్టితో నొక సంగతి చెప్పితీరవలెను. కరణము గీచిన పట్టీలో సగము కాగితముమీద నుండెను, సగము ఆయన జ్ఞాపకములో నుండెను. కాగితముపై అస్పష్టముగా నున్నదానిని ఆయన నోటితో పూరించెడివాడు. 1988-89 నుండి కేంద్ర ప్రభుత్వ ధనముతో భూమి రికార్డులను కంప్యూటరున కెక్కించు పథకము వచ్చినది. 2015లో ఆంధ్రప్రదేశమున మీభూమి అను పేర అడంగలు, 1బి నకళ్ళను ఎవరైనను చూచుకొనునట్లు చేసిరి. ఎక్కినది కాగితము మాత్రమే. జ్ఞాపక మెక్కలేదు.

కాగితముపై చెల్లిన అలవాట్లు కొన్ని యంత్రములో ఎట్లు బెడిసికొట్టునో చూడుడు. పై పద్దులోని పేరే క్రింది పద్దులోను వచ్చినచో కరణము మఱల వ్రాయక సదరు అని గాని, రెండు చుక్కలు గాని పెట్టును. పుస్తకములో వరుస మాఱదు గనుక అది నిర్దోషము. స్ప్రెడ్‌షీటులో పేర్లను అకారాదిగా క్రమపఱచిన క్షణమున సదరులన్నియు ఒకచోట చేరి, ఎవరికి సదరో తెలియకుండ బోవును. పుట యడుగున వ్రాయు పుట మొత్తమును, తరువాతి పుట తలపై తెచ్చుకొను వెనుకటి మొత్తమును ఇట్టివే. వానినిగూడ పద్దులుగా నెంచి యంత్రము కూడినచో ఊరి విస్తీర్ణము రెట్టింపునకు మించును. మొత్తములు పట్టీకి వెలుపల నుండవలెను.

సర్వే నంబరు సంగతి మఱియు విచిత్రము. పండ్రెండవ నంబరులో మూడవ భాగమును మనము 12/3 అని వ్రాయుదుము. ఆ గడిని అక్షరముల గడియని ముందుగా చెప్పనిచో స్ప్రెడ్‌షీటు దానిని తేదీగా మార్చును. ఆ యంత్రపు టమరికనుబట్టి మార్చి 12 యైన నగును, డిసెంబరు 3 యైన నగును. 12/45 అని యున్నచో నెలలు నలుబదియైదు లేవు గనుక దినమును వదలి, దానిని 1945వ సంవత్సరపు డిసెంబరుగా గాని మఱియొక విధముగా గాని గ్రహించును. దీనిని రైతుల యెడ మాత్రమే జరుగు చిన్నచూపని తలంపకుడు. మార్చి, సెప్టెంబరు మాసముల ఇంగ్లీషు పేర్లను బోలిన జన్యువుల పేర్లు స్ప్రెడ్‌షీటులో తేదీలుగా మాఱుచున్నవని, జన్యువులకు పేర్లు పెట్టు సంఘమువారు విసిగి, 2020లో ఆ పేర్లనే మార్చుకొనిరి. అదే సంవత్సరము ఇంగ్లండులో కోవిడు రోగుల జాబితాను పాతరకపు స్ప్రెడ్‌షీటులో పెట్టగా, అందు 65,536 అడ్డవరుసలకు మించి పట్టకుండుటచే సెప్టెంబరు 25 నుండి అక్టోబరు 2 వఱకు 15,841 మంది లెక్కలోనికి రాకపోయిరి. వారితో మెలగినవారిని వెదకి హెచ్చరించుట ఆ మేరకు ఆలస్యమైనది. బ్యాంకు ఖాతా నంబరునకు ముందున్న సున్నలు రాలిపోవుటయు, పదునైదు అంకెలకు మించిన నంబరులో చివరి యంకెలు సున్నలగుటయు నిట్టివే. అంకెలతో వ్రాసినంతమాత్రమున నంబరు సంఖ్య గాదు. కూడుటకు తగనిది పేరుతో సమానము. ఇది వ్యాకరణము చదివినవారికి సులభముగా దెలియును, యంత్రమునకు చెప్పిననే తెలియును.

ఖాళీ గడియు సున్నయు ఒకటి గావు. పైరు గడిలో ఏమియు లేనిచో పొలము బీడుపడినదా, లేక ఆజమాయిషీకి వెళ్ళలేదా? మంచి కరణము బీడైనచో బీడని వ్రాసెడివాడు, ఖాళీ వదలెడివాడు గాడు. నమూనాలో గడియే లేనప్పుడు అంతకంటెను కష్టము. తెలంగాణములో 2020లో ధరణి వచ్చినపుడు పహాణీలోని అనుభవదారు వరుస లేకుండబోయినది. దానిపై అచ్చట గొప్ప వాదోపవాదములు జరిగినవి. కౌలుకు దున్నువాడు పొలములో నిలిచియే యున్నాడు, వానిని వ్రాయుటకు చోటు మాత్రము లేదు.

వీనియన్నిటికంటెను నా మనస్సును కలచునది వగైరా అను చిన్న మాట. తండ్రి గతించిన తరువాత నలుగురు వారసులున్నచో అడంగలులో అప్పన్న వగైరా అని వ్రాసి ఊరకుండుట పూర్వపు అలవాటు. గడి ఇఱుకు, నలుగురి పేర్లు పట్టవు. గ్రామములో వగైరా యనగా ఎవరెవరో అందఱికి తెలియును, కరణమునకు మఱియు బాగుగా దెలియును. శిస్తు వసూలునకు ఒక్క పేరు చాలును గనుక సర్కారునకును చింత లేదు. ఆ గడి పన్ను పుచ్చుకొనుటకు గీచినది, హక్కును నిరూపించుటకు గీచినది గాదు. నేడు దానినే హక్కునకు సాక్ష్యముగా చూపుచున్నాము. బ్యాంకు అప్పునకు, పంట నష్టపరిహారమునకు, ఏటేట రైతు ఖాతాలో పడు సాయమునకు ఆ పట్టీయే మూలము. వగైరా అను పేరుగల రైతునకు ఎవరు ధన మిత్తురు?

నే నెఱిగిన యొక కుటుంబములో నలుగురన్నదమ్ములు. రెండవవాడు గతించెను, వాని భార్య తన వంతు మడిని చెఱకు వేసి సాగుచేయించుకొనుచుండెను. పాత అడంగలులో పెద్దవాని పేరును, దాని ప్రక్కన వగైరాయు నుండెను. కంప్యూటరున కెక్కించునపుడు ఆ మాట జాఱినది, పెద్దవాని పేరొక్కటే నిలిచినది. పెద్దవాడు ధర్మాత్ముడు గనుక ఆమెకు తగవు రాలేదు. ఆయన పోయిన తరువాత కుమారులు పట్టీని చూపి, ఇందు పిన్నమ్మ పేరెక్కడ నున్నదని యడిగిరి. వారి ప్రశ్న యందు అబద్ధము లేదు. పట్టీలో ఆమె పేరు నిజముగానే లేదు. ఆమె తన వంతును నిరూపించుకొనుటకు పాత నకళ్ళను, శిస్తు రశీదులను, ఇంటి పెద్దల వాఙ్మూలములను పట్టుకొని చాలకాలము తిరుగవలసివచ్చినది. గడిలో ఒక అంగుళము చోటు మిగుల్చుకొన్నందుకు పడిన వ్యయ మిది.

దీనికి నివృత్తి గడిని వెడల్పు చేయుట గాదు. నలుగురి పేర్లను ఒకే గడిలో కుక్కినను యంత్రమునకు అది ఒక్క పొడుగు పేరే. పద్దును మార్చవలెను. పొలమునకు ఒక పద్దు గాక, ఒక పొలములో ఒక మనుష్యుని వంతునకు ఒక పద్దు కట్టవలెను. అపుడు నలుగురు వారసులకు నాలుగు అడ్డవరుసలు వచ్చును. నాలుగింటిలోను సర్వే నంబరు సంపూర్ణముగా మఱల మఱల వ్రాయవలెను, సదరు అనరాదు. ఖాతా నంబ రొక వరుసలో, పేరొక వరుసలో, తండ్రి లేక భర్త పేరొక వరుసలో, వంతు ఇంకొక వరుసలో. కాగితము ఎక్కువ పట్టును. తాటాకుమీద వ్రాయువానికిది దండుగ. యంత్రములో తాటాకు కొఱత లేదు.

ఉమ్మడి భూమి గలవారు 1బి నకలును, అడంగలు నకలును తెప్పించుకొన్నపుడు తమ పేరు తమ యడ్డవరుసలో విడిగా నున్నదో లేదో, వంతు విస్తీర్ణముల మొత్తము సర్వే నంబరు మొత్తమునకు సరిపడుచున్నదో లేదో చూడవలెను. పాత దస్తరములో వగైరా యని యుండి క్రొత్త నకలులో ఒక్క పేరే యున్నచో, ఆ పాత నకలును, కుటుంబ వారసుల పట్టీని జతపఱచి తహశీలుదారునకు అర్జీ పెట్టుకొనవలెను. ఆ వగైరాలో ఎవరెవ రుండిరో నోటితో చెప్పగలవారు ఊరిలో నింక కొందఱు మిగిలియున్నారు. వారి వాఙ్మూలము తీసికొనుట నేడు సాధ్యము.